చివరి పేజీ

అమలాపురంలో మూడు రోజుల శిక్షణ.
ఫ్యాను తిరగని హాల్లో, తెర మీద బొమ్మలు మారుస్తూ
ఒక కుర్రాడు చెప్పాడు:
పిల్లల్లో ఏం చెడిందో కాదు మేడమ్,
ఏం బాగుందో వెతకండి.

నాకు నవ్వొచ్చింది.
పంతొమ్మిదేళ్ళ లెక్కల టీచర్ని.
మూడో మెట్టులో జారిపోయిన మైనస్ గుర్తు
దూరం నుంచే ఆనుతుంది నాకు, మజ్జిగలో ఈగలా.
బాగున్నదాని పక్కన చిన్న టిక్కు పెట్టి
ముందుకి వెళ్ళిపోవడమే తెలుసు.

అయినా సోమవారం చివరి పీరియడ్లో
తొమ్మిదో తరగతికి చెప్పాను:
లెక్కల పుస్తకం వెనక్కి తిప్పండి.
చివరి పేజీలో రోజుకొక్క వాక్యం.
ఇవాళ ఏం బాగుంది?
మార్కుల్లేవు. అక్షరదోషాలు దిద్దను.
ఎర్ర పెన్ను బీరువాలో పెడతాను,
కావాలంటే తాళం మీరే వెయ్యండి.

"ఇది పరీక్షలో వస్తాదాండి?" ధర్మతేజ.
"రాదు."
"మరెందుకండి?"
ఈలోగా గంట కొట్టారు, బతికిపోయాను.

మొదటి వారం అందరూ అబద్ధాలే రాశారు.
సూర్యోదయం బాగుంది. క్రమశిక్షణ బాగుంది.
వ్యాసరచన పోటీల భాష.
రెండో వారం నుంచి రేవు తడి తగిలింది:
పంటు మీద సైకిలుకి డబ్బులు అడగలేదు.
మా గేదె తన్నలేదు.
మధ్యాహ్నం గుడ్డు చితకలేదు.
సలోమి మూడు వరసలు రాసింది:
అమ్మ కువైట్ నుంచి ఫోన్లో జడ నేర్పింది,
నాలుగోసారికి పాయలు కుదిరాయి,
అమ్మ పెట్టేశాక విప్పి మళ్ళీ వేసుకున్నాను.

ఎలీషా రాసింది: ఏమీ లేదు.
మర్నాడు: ఏమీ లేదు.
ఆ తర్వాత దాని కింద రెండు చుక్కలు, రెండు చుక్కలు.

నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు.
కౌలు చెరువుకి తెల్లమచ్చ తెగులు,
ఒక్క రాత్రిలో గట్టుకి కొట్టుకొచ్చిన రొయ్య,
గుమ్మం ముందు కుర్చీ వేసుక్కూర్చున్న మేత కొట్టాయన.
వాళ్ళ నాన్న ఏరియేటర్లు అమ్మేసి
హైదరాబాదు పోయాడని కొందరు, పోలేదని కొందరు.

శిక్షణ పుస్తకంలో ఈ చెరువుకి పేజీ లేదు.
నడుంలోతు వరదలో నిలబడ్డవాణ్ణి
దాహంగా ఉందా అని అడుగుతున్నానా నేను?

పదకొండు రోజులు చూసి, పన్నెండో రోజు
వాణ్ణి ఆగమన్నాను.
మాటలు ముందే కూడబెట్టుకున్నాను:
నాన్న ఎలా ఉన్నార్రా, ధైర్యంగా ఉండాలి, మేమంతా లేమా.
ఊరికే చేతికి పని కోసం పుస్తకం తిప్పాను.

ఇవాళ ఎవరూ మా నాన్న గురించి అడగలేదు.

నోటిదాకా వచ్చిన 'నాన్న'ని మింగేశాను.
"ఏటండి టీచరుగారండి, ఉండమన్నారు?"
"బోర్డు తుడిచి వెళ్ళు."
తుడిచాడు. మూలల్లో కూడా తుడిచాడు.
మిగిలిన సుద్దముక్క జేబులో వేసుకుంటుంటే
కిటికీలోంచి బయటికి చూశాను.
రేవు వైపు పంటు ఇంజను చప్పుడు,
వాడి చెప్పుల చప్పుడు.

ఆ రాత్రి గుర్తొచ్చింది, నేనెప్పుడూ రాయలేదని.
పాలబిల్లు వెనక రాసుకున్నాను:
ఇవాళ ఒక ప్రశ్న అడగలేదు.

ఆగస్టులో వరదొచ్చి బడి ఆరు రోజులు మూశారు.
తెరిచేసరికి గోడల మీద బురద గీత,
కొందరి చివరి పేజీలు సిరా కారి నీలం మరకలు.
కొందరు మళ్ళీ రాయడం మొదలెట్టలేదు.
పైనుంచి ఫారం వచ్చింది:
విద్యార్థుల సంతోషం ఎంత శాతం పెరిగింది?
లెక్కల టీచర్ని, ఆ గడిలో అడ్డగీత పెట్టాను.

ఒక శుక్రవారం ఎలీషా నా బల్ల దగ్గరికి వచ్చాడు.
"చివరి పేజీ అయిపోయిందండి.
దాని ముందు పేజీలోకి రావచ్చాండి?"

రమ్మన్నాను.

ఇటునుంచి బీజగణితం వస్తోంది,
అటునుంచి వాడు వస్తున్నాడు.
సంవత్సర పరీక్షల నాటికి
ఎక్కడో ఒకచోట ఎదురుపడతారు.
ఆ పేజీ ఎలా దిద్దాలో
నాకింకా తెలీదు.