కిటికీ కింద రెండు కన్నాలు

ఫారో దీవుల్లో వానకి
పైనుంచి పడే అలవాటు లేదు.
సముద్రం మీంచి అడ్డంగా వస్తుంది,
తలుపు తట్టదు, సందు వెతుక్కుంటుంది.

నిరుడు మార్యున్ ఒక్క సందూ వదల్లేదు.
నిచ్చెనెక్కి, సీలెంటు గొట్టం చంకలో ఇరికించుకుని,
కిటికీ గట్టు చుట్టూ తెల్లగీత గీసి
గిన్నె అంచున మీగడ తీసినట్టు
తడివేలు తిప్పింది.
ఆ రాత్రి కొవ్వొత్తి పెడితే
మంట నిటారుగా నిలబడింది.
"ఇప్పుడు రా చూద్దాం" అంది గాలితో.

గాలి రాలేదు.
ఎలా వచ్చాయో వచ్చిన నీళ్ళు మాత్రం పోలేదు.

ఈ అక్టోబరులో గట్టు మీద బొటనవేలు ఆనిస్తే
నానిన రొట్టెలో దిగినట్టు దిగింది.
పడవలు బాగుచేసే హానుస్ వచ్చి చూశాడు.
నవ్వలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.
"అడుగున రెండు కన్నాలుండాలే, ఏవి?"

వాటిని మూసినప్పుడే కదా
ఆమెకి పని పూర్తయిందనిపించింది!

నీరు పల్లమెరుగు అంటారు.
పల్లానికి దారి లేకపోతే
చెక్కలోనే కాపురం పెడుతుంది.

ఇవాళ కొత్త చెక్క, కొత్త గీత.
కింద మాత్రం అల్లికసూదితో రెండు పోట్లు.
ఆమె టోపీ లేకుండా వానలో నిలబడి చూస్తోంది.

ఎడమ కన్నం నుంచి ఒక చుక్క జారింది.
కుడిది
ఇంకా ఆలోచిస్తోంది.