కులం గడి

జార్జ్‌టౌన్ దస్తావేజుల కొట్లో
పాత రిజిస్టర్లకు కుట్లు వేసే పని నాది.
చెదలు తిన్న ఓడల్ని నడుం కట్టి నిలబెడతాను.
ఆ మంగళవారం నా సూది కింద పడ్డవాడు
మా ఆజాకి తాత.

పేరు భగేలూ.
వయసు ఇరవై రెండు. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు.
ఎడమ మోకాలి మీద కాలిన మచ్చ.
జిల్లా సారన్.
కులం గడిలో, గుమాస్తా తొందర రాతలో,
నోనియా.

నోనియా అంటే
చవిటి మట్టిని నానబెట్టి, వడగట్టి, కాచి
ఉప్పు తీసేవాళ్ళు.
మేమేమో నాలుగు తరాలుగా పండిట్‌జీలం.
కోరెంటైన్ తీరం పొడవునా పెరటి వెదుళ్ళ మీద
ఎర్రవీ పసుపువీ ఎగిరే జెండాలన్నీ
మేం మంత్రించి పాతినవే.

నల్లనీళ్ళ మధ్యలో ఎక్కడ
మోకాలి మచ్చ అలాగే ఉండగా
భుజాన జంధ్యం మొలిచిందో కాగితం చెప్పదు.
పక్క చాప మీది ముసలి బ్రాహ్మడు పోతూ పోతూ
చెవిలో ఊది ఉంటాడని రాయొచ్చు.
రాయను.
నేను కుట్టేవాణ్ణి, అల్లేవాణ్ణి కాను.

ఆజా మాత్రం నాకు తెలుసు.
వరదొచ్చిన ఏడు మొలలోతు నీళ్ళలో నిలబడి
మూడు శవాలకు మంత్రం చెప్పాడు,
అందులో ఒకటి ఎవరిదో, ఏ మతానిదో ఎవరికీ తెలియదు.
దక్షిణ ఏనాడూ లెక్కపెట్టి ఎరగడు.
గేటు దగ్గర ఎవరన్నా నిలబడ్డారేమో చూసిగాని
ముద్ద ఎత్తేవాడు కాదు.

ఆ ఆజాయే,
చెరకు పంట్లు లాగే కంచరగాడిదల్ని తోలేవాడి కొడుకు లోఖ్‌రామ్‌ని,
పంతొమ్మిదేళ్ళకే అక్షరం పొల్లుపోకుండా చదివేవాణ్ణి,
మెట్ల మీదే నిలబెట్టి అన్నాడు:
"నేర్చుకో నాయనా, తప్పులేదు.
పీట మీద మాత్రం కూర్చోకు. అది పుట్టుకతో రావాలి."
నాకప్పుడు ఏడేళ్ళు.
లోటాతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది నేనే.
అతను తాగి, లోటా కడిగి, బోర్లించి వెళ్ళిపోయాడు.

కాగితం నకలు నాలుగు నెలలు నా పెట్టెలోనే ఉంది.
ఎనభై తొమ్మిదేళ్ళ మనిషికి చూపు ఆనదని
నాకు నేనే సాకు చెప్పుకున్నాను.
చెరకు తోటలు తగలబెట్టే రోజుల్లో పోయాడు ఆజా.
కప్పిన తెల్లగుడ్డ మీద మసి రాలుతూనే ఉంది,
దులిపితే చారలయ్యేది.

పదో రోజుకి పట్నం పండిట్‌ని కుదిర్చాడు బాబాయి.
నేను సైకిలెక్కి కొకర్ తూము దగ్గరికి వెళ్ళాను.
లోఖ్‌రామ్ పడవ ఇంజను విప్పి కూర్చున్నాడు.
కాగితం రెండుసార్లు చదివాడు.
నవ్వుతాడనుకున్నాను. తిడితే బావుండనుకున్నాను.
"ఇది చూసి పిలుస్తున్నావా,
నాకు వచ్చునని పిలుస్తున్నావా?"
రెండోదే అన్నాను.
సగం అబద్ధం.
అతనికీ తెలిసిందేమో, స్పానర్ తుడిచి
మడతకి మడత సరిపెట్టి కాగితం ఇచ్చేశాడు.

వచ్చాడు.
బాబాయి మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు.
పట్నం ఆయన కారు దిగలేదు.
ఎంత రుద్దినా పోని నల్లటి నూనె అతని గోళ్ళలో,
వేలికి దర్భ ఉంగరం.
బురద ఒడ్డున పిండాలు వరసగా పెట్టి
కళ్ళెత్తకుండా అడిగాడు:
"గోత్రం?"

అతనికి తెలుసు. నాకు తెలుసు.
ఉప్పుగాలికి పెదాలు పగిలి మండుతున్నాయి.
ఆజా తొంభై ఏళ్ళు చెప్పుకున్నదే చెప్పాను,
"బరద్వాజ."

చేతిలో నీళ్ళు జారిపోకుండా పట్టుకుని
లోఖ్‌రామ్ ఆగాడు.
"భ," అన్నాడు. "ఒత్తి పలుకు."