తరుగు

నిన్నటి దాక నేను కొలత తప్పినోణ్ణి కాను.
ఎనుమాముల యార్డుల పదకొండేండ్లు
మిర్చి బస్తాల తూకం రాసిన చెయ్యి ఇది.
పావు కిలో అటిటైందని అనుమానమొస్తె
మళ్ళ కాంటా ఎక్కించిన చెయ్యి.

అదే చెయ్యి
కరీమాబాద్‌ల మా రెండర్రల ఇంట్ల
జిప్సం బోర్డు మీద స్విచ్చు బాక్సుకు గీత గీసి
రంపం పెట్టి కోసింది.
లేపి నిలబెడితె
వైరేమో కుడి దిక్కు వేలాడుతుంది,
బొక్క ఎడమ దిక్కు నోరు తెరిచింది.

యాకమ్మ మిషను తొక్కుడు ఆపింది.
గోడ ఆమె కోసమే.
మంచానికీ మిషనుకూ నడుమ ఒక అడ్డం,
జాకెట్టు కొలతలిచ్చేటోళ్ళకు ఇంత మరుగు.

"బోర్లేసి కోసినవా?"
"ఊఁ."
"ముందట నిలబడి కొలిచి ఎనుకనుంచి కోస్తె
కుడి ఎడమైతది గద.
రెండూ ఎడమ చేతులే కుట్టిన నాడు
మా ఉస్తాద్ బేగం గిదే చెప్పింది,
నెత్తి మీద స్కేలుతోని."

కోసిన ముక్కను మళ్ళ బొక్కల పెట్టిన.
పట్టలే.
జారి గోడ లోపట పడ్డది.
దాని ముక్కే, దాని బొక్కే,
ఎందుకు నిలవదు?
కింద చూసిన.
నా కాళ్ళ కాడ తెల్లటి పొడి,
పిడికెడు కూడ లేదు.

రంపం కూడ తరుగు తీస్తదన్నట్టు.
నాలుగంచులా రవ్వంత రవ్వంత.
చెప్పదు, చీటీ రాయదు.

పోచమ్మ మైదాన్‌ల సర్వర్ భాయ్ నవ్విండు.
"ఇటుక గోడైతె ఇంత మాలు కొట్టి మూస్తం.
ఇది కాగితం కట్టుకున్న గోడ, అన్నా.
బట్టకేసినట్టు అతుకెయ్యాలె."
రెండు చెక్క బద్దలు, గుప్పెడు మరలు,
డబ్బల ముద్ద, ఒక ఇనుప రేకు.
విరిగిన బోర్డు ముక్క ఊకెనే ఇచ్చిండు.

బద్దలు లోపట నిలబెట్టి మర బిగించిన.
ముక్క మాత్రం యాకమ్మనే కోసింది.
బొక్కకన్న పెద్దగ కోసి
ఎనుక కాగితం చింపి, అంచుల సున్నం ఇరగ్గొట్టి
ముందటి కాగితం చుట్టూ రెండేళ్ళంత ఇడిచింది.
"జాకెట్ల లోపట బట్ట ఇడుస్తం సూడు,
రేపు ఒళ్ళు చేస్తె ఇప్పుకోనీకి.
ఇడిచిపెట్టిందే పట్టుకుంటది."

ఆ రాత్రి ఒక పూత.
ఆగలేక మందంగ పూస్తె
పొద్దుగాల చెరువు ఎండినట్టు పగిలింది.
గీకిన.
మళ్ళ పలుచగ.
ఆరినంక ఇంకోటి, మొదటిదానికన్న ఎడల్పు.
మూడో రాత్రి గరుకు కాగితంతోని రుద్దుతుంటె
తుమ్ములే తుమ్ములు.
పగలంత ఎర్ర దుమ్ముకు తుమ్మిన ముక్కే,
రాత్రి తెల్ల దుమ్ముకు.
యాకమ్మ నా కనుబొమ్మలు చూసి
ముసలాయన ఎవలో ఇంట్లకొచ్చిండన్నది.

కండ్లు మూసి అరచెయ్యి ఆనిస్తె
ఏమీ లేదు, నున్నగ.
టార్చి పక్కనుంచి కొడితె మాత్రం
ఉబ్బు కనబడ్డది,
బాలింత కడుపంత మెత్తగ.
రుద్దుదామని కాగితం తీస్తె
యాకమ్మ టార్చి గుంజుకున్నది.
"పక్కనుంచి వెలుగు కొట్టి చూస్తె
నా కుట్టు కూడ నిలవది. పండుకో."

రంగు పడ్డది.
స్విచ్చు కుడి దిక్కే ఉన్నది.
తలుపు దబ్బున పడ్డప్పుడల్ల
గోడ లోపట ఆ మొదటి ముక్క
టక్కుమని కదులుతది.
మా ఇద్దరికే వినబడతది.

ఇయ్యాల యార్డుల
ములుగు దిక్కుకెల్లి వచ్చిన రైతు ఒకాయన
బస్తా కాంటా ఎక్కుతుంటె అడిగిండు,
"తరుగెంత తీస్తున్నరు సారూ?"
రోజూ చెప్పే లెక్కే, నోటికి రాలే.
పెన్ను పట్టుకున్న వేళ్ళ దిక్కు చూసిన.
గోర్ల సందుల
ఇంకా కొంచెం సున్నం ఉన్నది.