తరుగు

కర్నూలు ఉల్లి యార్డులో
నాకు ఇంకో పేరుంది: సత్తెమ్మ.
పెట్టింది మద్దిలేటి.
అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలింది.

బస్తాకు కిలోన్నర తరుగు
రాయనన్నానని
పొద్దున్నే ఉగ్గాని పొట్లం
నా దాకా వచ్చి దారి మళ్లుతుంది.
కొన్నాళ్లు నా కుర్చీకి మూడు కాళ్లే ఉంటాయి.
నాలుగోదాని చోట ఇటుక పెట్టుకుని కూచుంటాను.

కోపం రాదా అంటే, వస్తుంది.
నిన్న ఉరుకుందప్ప
నా రసీదు బుక్కు మీద టీ ఒలకబోసి
"సత్తెమ్మకు అభిషేకం" అన్నప్పుడు
నోటిదాకా వచ్చిన మాటను
కాటా మీద పెట్టి చూశాను.
అంటే, తరుగు నాకే పోయేట్టుంది.
మింగేశాను. తేలిగ్గా దిగలేదు.

తడిసిన కాగితాలు
ఉల్లిగడ్డల మీద ఎండబెట్టుకున్నాను.
ఘాటుకు కళ్లు మండాయి.
ఏడుస్తున్నానని నవ్వుకున్నారు.
కొంచెం నిజమే.

మధ్యాహ్నం గోనెగండ్ల రైతొకాయన
"ఎంతుందో నువ్వే చదువమ్మా" అన్నాడు.
చదివాను.
నావైపు అనుమానంగా చూశాడు,
తన పంట
ఎప్పుడూ ఇంత తూగలేదని.

పొద్దు వాలేటప్పుడు
ఉరుకుందప్ప చిన్నాయన
ట్రాక్టర్ నిండా సరుకు తెచ్చాడు.
మూడు కాటాలు ఖాళీగా ఉన్నా
ఉరుకుందప్ప ఆయన్ని
నా దగ్గరికే తోలుకొచ్చాడు.
నా మొహం చూడలేదు.
నేనూ అతన్ని చూడలేదు.
ముల్లు ఊగడం ఆగేదాకా ఆగి
ఎంతుందో అంతే రాశాను,
ఒక్క గ్రాము కూడా ఎక్కువ వేయకుండా.

రేపు ఉగ్గాని నా దాకా వస్తుందేమో.
ఎందుకైనా మంచిదని
సద్ది మాత్రం కట్టుకుంటాను.