ఇద్దరూ ఒకటే

ఏడు రోడ్ల కూడలి పక్కన
నోటరీ గుమస్తా తల ఎత్తకుండానే అడిగాడు:
"ఇద్దరూ ఒకటేనా?"

పదో తరగతి సర్టిఫికెట్లో సాసుమాన నీహారిక.
బరంపురం వాళ్లిచ్చిన డాక్టరు పట్టాలో
నిహారికా సాసుమాన్.
ఇంటిపేరు వెనక్కి వెళ్లి నిల్చుంది.
ముందున్న దీర్ఘం కొసకి జరిగింది.
చివరి అచ్చు ఎక్కడో జారిపోయింది,
ఇచ్ఛాపురం దగ్గర రైలు కుదుపుకే కాబోలు.
"ఒకటేనండీ" అన్నాను.
వంద రూపాయల స్టాంపు కాగితం మీద
నేను నేనేనని ప్రమాణం చేశాను.
గుమస్తా నా మొహం చూడలేదు,
ఫొటోలో చెవులు రెండూ ఉన్నాయో లేదో చూశాడు.

భువనేశ్వరం నుంచి
అభ్యంతరం లేదనే కాగితం రావాలి.
నా చేతికివ్వరు. విజయవాడకి వాళ్లే పంపాలి.
నాకు నేను సాక్ష్యం కాను.
ఫోన్‌లో నలభై రోజులుగా ఒకటే మాట:
పరిశీలనలో ఉంది.

ఈలోగా ఆడవాళ్ల వార్డులో రాత్రి డ్యూటీ.
దొరకని నరం దొరికించుకుంటాను,
ఆయాసాన్ని స్టెత్తుతో వింటాను,
మూడింటికి ఒకసారి
ఆగిన గుండెని రెండు చేతులతో నొక్కి నొక్కి
తిరిగి నడిపించాను.
కేసు షీటు అడుగున మాత్రం
"సంతకం చోటు వదిలెయ్యి" అంటాడు తవిటినాయుడు,
నాకంటే ఏడాది సీనియరు.
తెల్లారి ఆవులిస్తూ వచ్చి
నా రాత్రంతటి కిందా తన నంబరు వేస్తాడు.
మంచివాడే. పెన్ను మాత్రం నాది తీసుకుంటాడు.

పదకొండో మంచం మడ్డు దమయంతి.
పలాస జీడి ఫ్యాక్టరీ, కిడ్నీలు, కాళ్లవాపు.
ఆరోగ్యశ్రీ బల్ల దగ్గర
బొటనవేలు పెడితే ఎర్రలైటు.
తుడిచి పెట్టినా ఎర్రలైటే.
కొంగుకి రుద్ది, ఉమ్మి తడి చేసి,
చివరికి కోపంగా గుద్దినా.

"నలపయ్యేళ్లు గింజలొలిసినాను తల్లీ.
ఏలు గీతలన్నీ ఆ జీడినూని తినీసినాది.
నాను దమయంతినే అంటే
ఈ పెట్టి ఒప్పుకోదేటి?"

ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను.
నల్లగా, నున్నగా,
అరిగిన రోలులాంటి బొటనవేలు.
డాక్టరు చూడాల్సింది వాపు.
నేను చూసింది గీతలు.

"కన్ను పెట్టించండి" అన్నాను.
"ఆ మిషను రిపేరు మేడమ్."
"డాక్టరుగారి సంతకంతో లెటరు తెండి, చూద్దాం."
డాక్టరుగారి సంతకం!
నవ్వొచ్చింది, ఆపుకున్నాను,
ఆపుకున్నది గొంతులో ఎక్కడో ఇరుక్కుంది.

లెటరు నేనే రాశాను.
"ఈ దమయంతి, ఆ దమయంతి ఒకరేనని ధ్రువీకరిస్తున్నాను."
ఈ వాక్యం నాకిప్పుడు కంఠతా వచ్చు.
కింద చోటు వదిలేసి
తవిటినాయుణ్ని వెతుక్కుంటూ
మూడు అంతస్తులు మెట్లెక్కాను.
క్యాంటీన్లో ఉన్నాడట. మళ్లీ దిగాను.

సాయంత్రం ఆమె అడిగింది:
"మీదే ఊరు?"
"ఇచ్ఛాపురం."
"మరి నీ పేరెక్కడా ఎయ్యలేదేటి కాయితం మీద?"
ఇంకా రాలేదన్నాను.
పేరు రాకపోవడమేటో ఆమెకి అర్థం కాలేదు.
వేలు చూసుకుంది, ఊరుకుంది.

రాత్రి స్పీడుపోస్టు ఎక్కడుందో చూశాను.
భువనేశ్వరం దాటింది. బరంపురం దాటింది.
ఇచ్ఛాపురంలో మా ఇంటి వెనక పట్టాల మీదుగా,
పలాస జీడి వాసనలోంచి,
పదమూడు కిలోమీటర్ల అవతల
ఆమదాలవలస స్టేషను మీదుగా
ఈ వేళకి పోతూ ఉండాలి
నా పేరు, నన్ను దాటుకుని, విజయవాడకి.

పదకొండో మంచం దగ్గర బెల్లు మోగింది.
ఫోను జేబులో పెట్టుకున్నాను.