నాలుగో గోడ

మా వంటింటికి మూడే గోడలు.
నాలుగోది కొండ.

మా మామ దానియేలు రైల్వే గ్యాంగులో ఉన్న రోజుల్లో
ఇటుకలు మూడు గోడలకే వచ్చాయట.
"మిగతాది దేవుడు ముందే కట్టి పెట్టాడులే" అని
రాతికి ఆనించి రేకులు దించేశాడు.
కాపురానికొచ్చిన కొత్తలో
క్యాలెండరు తగిలిద్దామని మేకు కొట్టాను.
మూడు మేకులు వంగిపోయాయి.
మా అత్త నవ్వలేదు.
"దాన్నేమీ అడగమాక. ఇచ్చింది తీసుకో."

ఇచ్చింది.
ఉప్పు డబ్బాకి కొలిచినట్టు సరిపోయే జానెడు గూడు.
ఎండాకాలం రాత్రి రెండింటిదాకా వదలని సెగ,
మే నెలలో దోసెల పిండి సాయంత్రానికే పొంగి
గిన్నె అంచు దిగి నడిచేది.
తొలకరికి చెమట. ఒకసారి తేలు.
పిల్ల ఎత్తు కొలిచి బొగ్గుతో గీసిన గీతలకు చోటు.
కెజియా నా భుజం దాటింది, నన్నూ దాటింది.
కొండ ఎక్కడిదక్కడే.

మొగల్రాజపురం రోడ్డు మీంచి మాకు నూట పద్నాలుగు మెట్లు.
గ్యాసుబండ మోసే సైదులు మెట్ల లెక్కన డబ్బులడుగుతాడు.
అరవయ్యో మెట్టు దగ్గర మస్తాన్‌బీ అరుగు మీద బండ దించి
చెంబుడు నీళ్ళు తాగి
"కొండెంత ఎత్తో నా మోకాళ్ళనడుగక్కా" అంటాడు.
ఏ మెట్టు పొట్టిదో, ఏది ఊగుతుందో,
ఎక్కడ ఎడంకాలు ముందు పడాలో నాకు తెలుసు.
నాకు కాదు, కాళ్ళకి.
కరెంటు పోయిన రాత్రి చుట్టాలొస్తే
వాళ్ళ చేతిలో సెల్లు లైటు,
నా చంకలో బిందె.

గుమ్మంలో నిలబడితే కృష్ణ కనిపించేది.
నది అని చెప్పలేను.
రెండు బిల్డింగుల మధ్య
ఎండలో ఆరబెట్టిన సత్తు పళ్ళెం అంచులా, ఇంత.
తొమ్మిదంతస్తులొకటి లేచి ఆ ఇంతా మింగేసింది.
ఇప్పుడు గాలి ఇటు తిరిగి తడి వాసనేస్తే
"బ్యారేజీ గేట్లు ఎత్తారు" అని అరుస్తుంది మస్తాన్‌బీ.
సగం సార్లు తప్పే.
అయినా అందరం బయటికొచ్చి చూస్తాం, ఆ తొమ్మిదంతస్తుల వైపు.

మొన్న భాద్రపదంలో రెండ్రోజులు విడవని వాన.
రాతి చెమటకి గిన్నె పెట్టి పడుకున్నాను.
అర్ధరాత్రి లేచి చూస్తే
నీళ్ళు ఎర్రగా, డికాషన్‌లా.
వేలు పెట్టి రుద్దాను. ఇసక.
ఇరవై రెండేళ్ళలో ఆ గోడ నాతో మాట్లాడిందే లేదు.

లేపాను. కెజియాని, వాళ్ళ నాన్నని,
పక్కింటి ముసలాయన్ని, ఆయన మేకని.
మాకంటే ముందు నీళ్ళు దిగిపోతున్నాయి మెట్లు.
తొంభయ్యో మెట్టు మీద ఉండగా వెనక
ఎవరో బీరువా జరిపిన చప్పుడు.

తెల్లారి చూస్తే
పొయ్యి పక్కన చుట్టంలా కూర్చుని ఉంది రాయి.
పైనుంచి పడ్డది కాదు. మా గోడదే, మంచమంత పెచ్చు.
దాని మీద కెజియా ఐదేళ్ళ గీత,
ఆరేళ్ళ గీత,
నిలువుగా నిలబడాల్సినవి వెల్లకిలా పడుకుని.

ఆఫీసరొచ్చి కొండని సుత్తితో కొట్టి విన్నాడు,
పుచ్చకాయ బేరమాడినట్టు.
ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేసి
జక్కంపూడిలో ఫ్లాటుందన్నాడు.
"నాలుగు గోడలూ ఉంటాయమ్మా."

వెళ్ళి చూశాం. మేకు ఒక్క దెబ్బకి దిగింది.
మేడ మీద నుంచి కెజియా వేలు పెట్టి చూపించింది,
అదుగో, మనది.
అదా?
అది నున్నగా ఉందే, అన్నాను.
దూరపు కొండలు, అని మొదలుపెట్టి
ఆయన సామెత పూర్తి చెయ్యలేదు.

సంతకానికి సోమవారందాకా గడువు.
రాయిని ముక్కలు చేసి దింపడానికి సైదులు బేరం చెప్పాడు,
ఇదీ మెట్ల లెక్కనే.
గీతలున్న ముక్క మాత్రం కొట్టొద్దన్నాను.

గూడు పగల్లేదు.
ఉప్పు డబ్బా అందులోనే ఉంది.