నిల్

గేటు దగ్గర పచ్చ బోర్డు మీద
ప్రమాదం లేని రోజులు: నాలుగు వందల పదమూడు.
ఆ అంకెను రోజూ సుద్దతో దిద్దింది నేనే.
పిల్లాడి పరీక్ష మార్కుల్లా
వచ్చినవాళ్లందరికీ చూపించేవాణ్ణి.

బోర్డు వెనక గదిలో, బీరువాలో
ఇంకో రిజిస్టరు: నియర్ మిస్.
వరసకో తేదీ, తేదీ పక్కన నా చేతిరాత.
నిల్. నిల్. నిల్.
కొన్ని నిల్‌లు ఒకే పెన్నుతో, ఒకే కూర్చోడంలో
టీ చల్లారేలోగా వారానికి సరిపడా రాసేసినవి.

వాటి అడుగున ఏముందో నాకు తెలుసు.
మూడో రియాక్టరు మెట్ల మీద కాలు జారి
గాల్లో రెయిలింగు దొరకబుచ్చుకున్న సూరిబాబు.
ఊరికే మోగుతోందని
గ్యాస్ డిటెక్టరు నోటికి అంటించిన ప్లాస్టరు.
మాస్కు లేదంటే
"రేపొస్తుంది, ఇవాళ్టికి కానీ" అన్న గొంతు.
అది నాదే.

ఆ రాత్రి సి షిఫ్టు.
పరవాడ మీద పొగో మంచో తెలియని తెలుపు.
టోల్యూన్ డ్రమ్ములు వరసగా నిలబడి ఉన్నాయి,
తెల్లారేలోగా బ్యాచ్ ఎక్కాలి.
కాంట్రాక్టు హెల్పరు మైలపల్లి దేముడమ్మ
చెయ్యి చాపి, వెనక్కి తీసి, మళ్లీ చాపి
"బాబూ, ఈ డ్రమ్ము కాడికెళ్తే
సేతి ఎంట్రుకలు లెగుస్తన్నాయి" అంది.

ఎర్తింగ్ క్లిప్పు ఉందిగా, అన్నాను.
ఉంది. పెయింటు మీద కరుచుకుని ఉంది.
దాని తీగ గోడ దాకా వెళ్లి
నల్ల టేపు కింద రెండు ముక్కలై ఉంది.
ఎప్పటినుంచో ఎవరికీ తెలీదు.
అప్పటికే సగం డ్రమ్ము పోసేశాం.

"ఆపు" అన్నాను.
పదకొండేళ్ల సర్వీసులో ఆ మాట
పంపు మోతకంటే పైకి అనడం అదే మొదలు.

ఫోను వచ్చింది.
బ్యాచ్ ఎందుకాగింది? ఏమైంది?
ఏమీ కాలేదు సార్.
మరెందుకాపారు?
ఏమీ కాకూడదని సార్, అనాలి.
అప్పుడు నోరు పెగల్లేదు.

తెల్లారగట్ల చేతులు కడుక్కునే కుళాయి దగ్గర అడిగాను,
నాకు చెప్పడానికి భయం వెయ్యలేదా అని.
"మా ముత్యాలమ్మపాలెంలో
పదేళ్ల గుంటడు గాలి మారిందంటే
సరంగు మారు మాటాడడు, బోటు తిప్పేస్తాడు.
ఒడ్డుకొచ్చాక గాలి రాకపోనా
గుంటణ్ణి సూసి ఎవుడూ నవ్వడు.
నవ్వితే రేపు ఆడు నోరిప్పడు గదా."
కుళాయి కట్టేసి, కొంగుకి చేతులు తుడుచుకుని
నెమ్మదిగా అంది:
"ఇక్కడ కొయిలాడ ఎర్రయ్య వాసనొస్తందన్నాడు.
మర్నాడు ఆడి గేటుపాసు ఆగిపోనాది."

ఆపింది నేనే.
ఆమెకు తెలుసో తెలీదో.
తెలిసే చెప్పి ఉంటుంది.

పొద్దున్న రిజిస్టరు తీశాను.
చెయ్యి దాని దారిన అది వెళ్లి
తేదీ పక్కన 'ని' రాసేసింది.
కొట్టేశాను.
చూసినవారు అన్న గడిలో ఆమె పేరు, ఇంటిపేరుతో సహా.
కారణం అన్న గడిలో తెగిన తీగ అని రాసి
కాసేపాగి, కామా పెట్టి, నా పేరు.
ఆ వరసలో చోటు చాలక
మార్జినులోకి ఒరిగి, ఎర్రయ్య.

బోర్డు మీద పద్నాలుగు వెయ్యొచ్చు, రూలు ఒప్పుకుంటుంది.
ఎవరికీ గీత కూడా పడలేదు.
సుద్దముక్క జేబులోనే ఉంది,
ప్యాంటు తెల్లబడుతోంది.

ఎ షిఫ్టు వరసలో నిలబడింది.
లంకెలపాలెం నుంచి నిన్ననే చేరిన కుర్రాడు
గ్లవ్ పైకెత్తి, వేలు బయటికి పెట్టి,
"సార్, దీనికి చిల్లుంది" అన్నాడు.

వరసంతా నా మొహం చూస్తోంది,
నవ్వుతానేమోనని.